పిలవని పేరంటం
మీరు అడగకుండానే మీ కంప్యూటరు మారిపోతే?

మీది కుల్కచర్ల అనుకోండి. పరిగికి దక్షిణాన ఉన్న ఊరు. కాలం 2016 వేసవి అనుకోండి. వికారాబాద్ జిల్లా ఏర్పడింది ఆ ఏడాది అక్టోబరు 11న గనుక, అప్పటికి మీ ఊరు ఇంకా రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది.

సాయంత్రం ఏడు గంటలయింది. మీ అక్క ఒక ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పంపాలి. ఈ రోజే ఆఖరు తేదీ. ఫొటో, సంతకం, మార్కుల మెమో అన్నీ ఇంట్లో ఉన్న కంప్యూటరులో భద్రంగా దాచిపెట్టుకున్నది. నాన్న తన ఫోనులో నుంచి ఇంటర్నెట్టు కలిపి ఇచ్చారు. అక్క కంప్యూటరు మీట నొక్కింది.

ఎప్పుడూ వచ్చే తెర రాలేదు. నల్లటి తెర మీద ఒక గుండ్రటి గీత. దాని మధ్యలో 23 శాతం అనే అంకె. కింద ఒక హెచ్చరిక: కంప్యూటరును ఆపవద్దు, అది చాలాసార్లు దానంతట అదే ఆగి మళ్ళీ మొదలవుతుంది.

పది నిమిషాలు గడిచాయి. 24 శాతం. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఎవరు మొదలు పెట్టారిది? నన్నెవరు అడిగారు?" అంటున్నది. అంతలో కరెంటు పోయింది.

ఇది కల్పించి చెప్పిన కథే. కాని ఇలాంటి చిక్కు 2015, 2016 సంవత్సరాలలో ప్రపంచమంతటా ఎంతోమందికి నిజంగానే ఎదురైంది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. మరి అడగకుండానే ఒక కంపెనీ మన ఇంట్లో ఉన్న కంప్యూటరును ఎందుకు మార్చేసింది? ఎలా మార్చింది? అలాంటప్పుడు మన చేతిలో ఏముంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

అతుకు వేరు, కొత్త ఇల్లు వేరు

కంప్యూటరు అంటే మనకు కనిపించే పెట్టె, తెర, మీటలు మాత్రమే కాదు. వాటన్నిటినీ నడిపించే ఒక పెద్ద ప్రోగ్రాము లోపల ఉంటుంది. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మీరు మీట నొక్కితే అక్షరం తెర మీదికి రావాలన్నా, బొమ్మ డిస్కులోకి వెళ్ళి కూర్చోవాలన్నా, ప్రింటరు కాగితాన్ని లాగాలన్నా అదే పూనుకోవాలి. విండోస్, లినక్స్, ఆపిల్ వారి మ్యాక్ ఓయస్ ఈ కోవలోవే. ఫోనుల్లో ఉండే ఆండ్రాయిడ్ కూడా ఇటువంటిదే.

ఇంత పెద్ద ప్రోగ్రాములో లక్షలాది వరసలు ఉంటాయి. అన్ని వరసలు మనుషులు రాసినప్పుడు ఎక్కడో ఒకచోట తప్పు దొర్లక తప్పదు. తలుపుకి ఉన్న చిన్న సందులాంటిదన్నమాట. ఆ సందు దొంగ కంట పడకముందే మూసెయ్యాలి. అందుకోసం కంపెనీవారు ఎప్పటికప్పుడు చిన్న చిన్న అతుకులు తయారు చేసి ఇంటర్నెట్టు ద్వారా పంపుతుంటారు. వీటిని భద్రతా అప్‌డేట్లు అంటారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ వీటిని మామూలుగా ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది.

ఇక రెండోది అప్‌గ్రేడ్. ఇది అతుకు కాదు. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొత్తం పక్కకి తీసేసి దాని స్థానంలో కొత్తదాన్ని కూర్చోబెట్టటం.

తేడా ఇంకా బాగా తెలియాలంటే ఇలా ఊహించండి. మీ తలుపు గడియ వదులైంది. బాగు చేస్తానని మేస్త్రీ వచ్చాడు. సంతోషమే. కాని మీరు పొలం నుంచి తిరిగి వచ్చేసరికి అతను ఇంట్లో పరిచిన తాండూరు బండలన్నీ పీకేసి, వంటింటిని పెరటివైపు నుంచి వీధివైపుకు మార్చేసి, "ఇదే మీకు మంచిది, పైగా ఉచితం" అన్నాడనుకోండి. నిజంగానే ఆ కొత్త ఇల్లు పాతదాని కంటే మంచిదే కావచ్చు. అయినా మీకు కోపం వస్తుందా, రాదా?

తిరగలి, రోలు పాత వంటింటికి సరిపోయేలా ఉన్నాయి. కొత్తదాంట్లో పట్టవు. కంప్యూటరులోనూ అంతే. పాత ప్రింటరు, పాత స్కానరు, పాత అకౌంట్ల ప్రోగ్రాము కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిసి పనిచెయ్యకపోవచ్చు. ఇంట్లో ఆ ఒక్క కంప్యూటరే ఉన్నవాళ్ళకు అది చిన్న నష్టం కాదు.

2015 జూలై 29

ఆ రోజున మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10 అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. అప్పటికి ఆ కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారి మన హైదరాబాదులో 1967లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ. ఆయన 2014 ఫిబ్రవరి 4న ఆ పదవిలోకి వచ్చారు. ఆ కంపెనీకి 1998 నుంచీ హైదరాబాదులో ఒక అభివృద్ధి కేంద్రం ఉన్నది. కాబట్టి ఈ సంగతి మనకు మరీ దూరపు కథేమీ కాదు.

విండోస్ 7, విండోస్ 8.1 వాడుతున్న వారికి ఏడాది పాటు, అంటే 2016 జూలై 29 వరకు, కొత్తది ఉచితమని కంపెనీ ప్రకటించింది. రెండు మూడేళ్ళలో వంద కోట్ల పరికరాలలో విండోస్ 10 ఉండాలన్నది దాని లక్ష్యం. లక్ష్యం పెద్దది, గడువు చిన్నది. తొందర అక్కడే మొదలైంది.

మొదట, అతుకులతో పాటు ఒక చిన్న ప్రోగ్రాము కంప్యూటర్లలోకి వచ్చి చేరింది. దాని అప్‌డేట్ సంఖ్య కేబీ 3035583. తెర మీద కుడివైపు కింది మూలన ఒక చిన్న కిటికీ బొమ్మ కనిపించేది. "మీ ఉచిత కాపీని ఇప్పుడే కేటాయించుకోండి" అని అడిగేది. వద్దంటే మళ్ళీ అడిగేది.

తరువాత, కేటాయించుకోనివాళ్ళ కంప్యూటర్లలోకి కూడా విండోస్ 10 ఫైళ్ళు ముందుగానే దిగుమతి అవుతున్నాయని 2015 సెప్టెంబరులో బయటపడింది. అవి ఎవరికీ కనిపించని ఒక ఫోల్డరులో చేరి సుమారు 3 నుంచి 6 గిగాబైట్ల చోటు ఆక్రమించేవి.

కొంచెం లెక్క చేద్దామా?

పలక, బలపం తీసుకోండి. 3 గిగాబైట్లు అంటే సుమారు 3,000 మెగాబైట్లు. ఒక బైటుకు 8 బిట్లు. కాబట్టి 3,000 × 8 = 24,000 మెగాబిట్లు. మీ ఊరి ఇంటర్నెట్టు వేగం సెకండుకు 1 మెగాబిట్టు అనుకుందాం. మొత్తం దిగటానికి 24,000 సెకండ్లు పడుతుంది. దాన్ని 3,600తో భాగిస్తే 6 గంటల 40 నిమిషాలు. ఈ ఆరున్నర గంటలకు పైగా ఆ తీగ మీద మరేదీ సరిగ్గా నడవదు.

ఇప్పుడు డబ్బు లెక్క. జియో సేవలు 2016 సెప్టెంబరు 5న మొదలయ్యాయి. అంతకుముందు మన దేశంలో ఫోను ద్వారా ఒక గిగాబైటు వాడుకుంటే సుమారు 250 రూపాయలు అయ్యేది. 3 గిగాబైట్లకు 750 రూపాయలు. 6 అయితే 1,500. "ఉచితం" అన్న మాటకు కుల్కచర్లలాంటి ఊళ్ళో అర్థం ఏమిటో ఇప్పుడు తెలిసింది కదా! వస్తువు ఉచితమే. దాన్ని ఇంటికి తెచ్చే బండి కిరాయి మాత్రం మనదే. ఆ బండిని మనం పిలవను కూడా లేదు.

గుణకారం గుర్తు చేసిన మాయ

2016 ఫిబ్రవరిలో కంపెనీ ఇంకో అడుగు వేసింది. అప్పటివరకు "మీ ఇష్టం" అన్న జాబితాలో ఉన్న విండోస్ 10ను "సిఫారసు చేసినవి" అన్న జాబితాలోకి మార్చింది. చాలామంది కంప్యూటర్లలో సిఫారసు చేసినవన్నీ వాటంతట అవే ఎక్కేలా ఏర్పాటు చేసి ఉంటుంది. దాంతో అప్‌గ్రేడ్ దానికదే సిద్ధమయ్యేది. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి ఫలానా రోజు, ఫలానా గంటకు మీ కంప్యూటరు మారుతుందని చెప్పేది.

ఆ పెట్టె పై మూలన గుణకారం గుర్తు ఉంటుంది కదా. దాన్ని నొక్కితే పెట్టె మూసుకుంటుంది, "నాకు వద్దు" అని అర్థం. కంప్యూటరు వాడే ప్రతివాడికీ ఇన్నేళ్ళుగా తెలిసిన సంగతి ఇది. కాని 2016 మే నెలలో ఆ గుర్తు నొక్కినా అప్‌గ్రేడ్ రద్దు కాలేదు. పెట్టె మూసుకునేది. పెట్టిన ముహూర్తం మాత్రం అలాగే ఉండేది! వద్దనాలంటే లోపల చిన్న అక్షరాలలో ఉన్న ఒక మాటను వెతికి నొక్కాలి.

చూశారా, ఇది ఎంత తెలివైన పొరపాటో! గుమ్మంలోకి వచ్చిన వానికి వద్దని చెప్పి తలుపు వేస్తే, "తలుపు వేశారు గనుక ఒప్పుకున్నట్టే" అన్నట్టున్నది. గుర్తులకు అర్థం ఉంటుంది. ఆ అర్థాన్ని అందరూ నమ్ముతారు. నమ్మిన అర్థాన్ని తలకిందులు చేస్తే మనిషి తన చేతితోనే తనకు ఇష్టం లేని పని చేసేస్తాడు.

జనం ఊరుకోలేదు. జూన్ నెలాఖరుకి కంపెనీ ఆ పెట్టెను మార్చక తప్పలేదు. "ఉచిత అవకాశం వద్దు" అనే మీట స్పష్టంగా పెట్టింది. గుణకారం గుర్తుకి పాత అర్థం తిరిగి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ ప్రచార విభాగం అధిపతి క్రిస్ కపోసెలా ఒక ముఖాముఖిలో, ఆ విషయంలో తాము హద్దు దాటామని ఒప్పుకున్నారు.

అడవిలోనూ, కోర్టులోనూ

ఆఫ్రికా ఖండం నడిమధ్యన మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ అనే దేశం ఉంది. అక్కడ చింకో అనే పెద్ద అడవిలో వన్యమృగాలను వేటగాళ్ళ నుంచి కాపాడే బృందం పనిచేస్తుంది. వారికి ఇంటర్నెట్టు ఉపగ్రహం ద్వారానే రావాలి. ప్రతి మెగాబైటుకూ డబ్బు కట్టాలి. 2016లో తమ కంప్యూటరు చెప్పాపెట్టకుండా విండోస్ 10ను దించుకోవటం మొదలు పెట్టిందని ఆ బృందంలోని ఒకరు చెప్పిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఆయుధాలున్న వేటగాళ్ళను ఎదుర్కొనే కాపలాదారులకు ఆ కంప్యూటరే సమాచారం అందించాలి. అటువంటి చోట అది ఆగిపోతే మనుషుల ప్రాణాల మీదికి వస్తుందని వారు వాపోయారు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక మహిళ చిన్న ట్రావెల్ ఏజెన్సీ నడుపుకుంటున్నారు. తాను కోరని అప్‌గ్రేడ్ వల్ల కంప్యూటరు రోజుల తరబడి సరిగ్గా పనిచెయ్యక వ్యాపారం దెబ్బతిన్నదని ఆమె కోర్టుకెక్కారు. కోర్టు ఆమెకు 10,000 డాలర్లు ఇమ్మన్నది. కంపెనీ తన తప్పేమీ లేదంటూనే అప్పీలును వదులుకున్నది. 2016 జూన్‌లో ఈ వార్త బయటికి వచ్చింది.

జర్మనీలో ఒక వినియోగదారుల సంఘం ఇదే విషయం మీద పట్టుపట్టింది. అడగకుండా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ళను ప్రజల డిస్కుల్లోకి దించబోమని 2017లో కంపెనీ చేత హామీ రాయించుకున్నది.

కొందరు ప్రోగ్రామర్లు మరో దారి పట్టారు. స్టీవ్ గిబ్సన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 2016 మార్చిలో "నెవర్ 10" అనే బుల్లి ప్రోగ్రాము రాసి అందరికీ ఉచితంగా పంచారు. అది విండోస్‌లో కంపెనీ తానే ఏర్పాటు చేసిన "అప్‌గ్రేడ్ వద్దు" అనే గడియను వేసేది, అంతే. ఆ గడియ మొదటినుంచీ ఉన్నది. మామూలు మనుషులకు కనపడేచోట లేదు.

మరి కంపెనీ వాదం ఏమిటి?

ఇంతవరకు చదివి, "అయితే అప్‌డేట్లన్నీ ఆపేస్తే పోలేదా!" అని మీకు అనిపించవచ్చు. తొందరపడకండి. రెండో పక్షం కూడా వినాలి.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్‌లోని ఒక సందుకి అతుకు విడుదల చేసింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు పంచుకునే పద్ధతిలో ఉన్న సందు అది. వేసుకున్నవారు వేసుకున్నారు. వేసుకోనివారు వేసుకోలేదు. సుమారు రెండు నెలలకు, మే 12న, వాన్నాక్రై అనే చెడ్డ ప్రోగ్రాము ఆ సందులోంచే ప్రపంచం మీద పడింది. ఒక కంప్యూటరులోకి చేరి, అక్కడి ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే 300 డాలర్లు ఇమ్మనేది. మనిషి ఏమీ నొక్కనక్కరలేదు. అదే పక్క కంప్యూటరును వెతుక్కుంటూ పోయేది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి.

మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ళ బ్రిటిష్ యువకుడు దాని లోపలి కీలకాన్ని కనిపెట్టాడు. ఆ ప్రోగ్రాము ఒక వెబ్ చిరునామా ఉన్నదా లేదా అని ముందుగా చూసుకునేది. అది లేకపోతేనే విజృంభించేది. అతను ఆ చిరునామాను తన పేర నమోదు చేయించగానే దాని వ్యాప్తి మందగించింది.

దెబ్బతిన్న కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7 వాడుతూ ఆ అతుకు వేసుకోనివే! అంటురోగాల టీకా సంగతి మీకు తెలుసు. ఊళ్ళో ఎక్కువమంది టీకా వేయించుకుంటే రోగం పాకటానికి దారి దొరకదు. కంప్యూటర్ల సంగతీ అంతే. నా కంప్యూటరుకు అతుకు లేకపోతే నష్టం నాకు మాత్రమే కాదు, దానితో కలిసి ఉన్న మీ కంప్యూటరుకూ. అందుకే కంపెనీ అతుకులు తప్పనిసరి అంటున్నది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోము గదా! అప్‌గ్రేడ్ మీద కోపంతో అతుకులనూ ఆపేస్తే అదే పని చేసినట్టు.

పాత రకాలు ఎన్ని ఎక్కువ ఉంటే వాటన్నిటికీ అతుకులు తయారు చెయ్యటం అంత కష్టం. కాబట్టి అందరూ ఒకే కొత్త రకానికి మారాలని కంపెనీ కోరుకోవటంలో న్యాయం లేకపోలేదు. దానితో పాటు వ్యాపార లాభమూ ఉన్నది. అక్కడ చిక్కు కోరికలో లేదు, అడిగిన పద్ధతిలో ఉన్నది.

తొందరపాటు కూడా ప్రమాదమే

అప్‌డేట్ వచ్చిన గంటలోనే ఎక్కించుకోవటం మంచిదా? అన్నివేళలా కాదు. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 కొత్త రూపం కొందరి కంప్యూటర్లలో వారు దాచుకున్న పత్రాలనూ ఫొటోలనూ చెరిపేసింది. కంపెనీ కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపింది. తరువాత దిద్ది, తిరిగి విడుదల చేసింది. ఈలోగా పోయినవారివి పోయాయి. వేరేచోట నకలు ఉంచుకున్నవారు మాత్రం నష్టపోలేదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ తన ప్రోగ్రాముకి ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో తప్పు ఉన్నది. మన కాలమానం ప్రకారం ఉదయం 9.39 నుంచి 10.57 వరకు, అంటే 78 నిమిషాలు మాత్రమే అది పంపిణీలో ఉన్నది. అంతలోనే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. విమానాలు ఆగాయి, బ్యాంకులు ఆగాయి. ఆ రోజు మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలంతో రాసి ఇచ్చారు! ఇది విండోస్ సొంత అప్‌డేట్ కాదు. కాని, కోట్ల కంప్యూటర్లకు ఒకేసారి, ఎవరినీ అడగకుండా ఏదైనా పంపగలిగినప్పుడు ఒక్క తప్పు ఎంత దూరం పోతుందో అది చూపించింది.

ఆ చుక్కల వెనక ఏం జరుగుతుంది?

కంప్యూటరు అన్నిసార్లు ఆగి ఎందుకు మొదలవుతుంది? నడుస్తున్న బస్సుకి చక్రం మార్చగలమా? పరిగి బస్సుకైనా ముందు ఆగాలి, జాకీ పెట్టాలి. ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్నంతసేపూ దాని ఫైళ్ళు వాడుకలో ఉంటాయి. వాడుకలో ఉన్న ఫైలును మార్చటం కుదరదు. కాబట్టి ముందుగా కొత్త ఫైళ్ళన్నీ ఒక పక్కన పేర్చి పెట్టుకుంటుంది. తరువాత కంప్యూటరు ఆగి, ఒక చిన్న తాత్కాలిక వ్యవస్థతో మళ్ళీ మొదలవుతుంది. అదే జాకీ. పాత విండోస్‌ను "విండోస్ డాట్ ఓల్డ్" అనే ఫోల్డరులోకి జరిపి కొత్తదాన్ని దాని స్థానంలో పెడుతుంది. మళ్ళీ ఆగి, ఈసారి కొత్త వ్యవస్థతో మొదలై, మీ ఫైళ్ళనూ ఏర్పాట్లనూ తెచ్చి సర్దుతుంది.

మధ్యలో కరెంటు పోతే? మళ్ళీ మొదలైనప్పుడు ఎక్కడ ఆగిందో చూసుకుని, కుదిరితే ముందుకు, లేకపోతే వెనక్కి పాత విండోస్‌కి పోవటానికి అది ప్రయత్నిస్తుంది. చాలాసార్లు నెగ్గుతుంది. ప్రతిసారీ నెగ్గుతుందన్న హామీ మాత్రం లేదు. ల్యాప్‌టాపులో బ్యాటరీ ఉంటుంది గనుక భయం తక్కువ. బల్ల మీద పెట్టుకునే కంప్యూటరుకు యూపీఎస్ ఉండటం ఇందుకే మంచిది.

మీరు చెయ్యదగిన పనులు

ముందుగా మీ కంప్యూటరులో ఏ రకం విండోస్ ఉన్నదో తెలుసుకోండి. విండోస్ గుర్తున్న మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అనే ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. రకమూ, దాని సంఖ్యా కనిపిస్తాయి.

రెండోది, నకలు. ముఖ్యమైన ఫైళ్ళు పెన్‌డ్రైవులోనో, ఇంకోచోటో తప్పకుండా ఉండాలి. కంప్యూటరు పాడైతే ఇంకోటి కొనవచ్చు. తాతయ్య ఫొటో ఎక్కడ కొంటాం? ఇది దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా ఈ ఆదివారమే చెయ్యండి.

మూడోది, మీది ఫోను ద్వారా వచ్చే ఇంటర్నెట్టు అయితే ఆ సంగతి కంప్యూటరుకు చెప్పండి. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌కి వెళ్ళి, నెట్‌వర్కు వివరాల్లో "మీటర్డ్ కనెక్షన్" అన్న మీటను తిప్పండి. లెక్క కట్టి డబ్బు వసూలు చేసే తీగ అని దాని అర్థం. అప్పుడు విండోస్ పెద్ద పెద్ద ఫైళ్ళను దానంతట అది దించుకోవటం చాలావరకు మానుతుంది. ఊళ్ళో లైబ్రరీలోనో, బడిలోనో మంచి ఇంటర్నెట్టు దొరికినప్పుడు అతుకులు వేసుకోవచ్చు.

నాలుగోది, గడువు. అప్‌డేట్ల పేజీలో "పాజ్" అనే మీట ఉన్నది. దానితో అయిదు వారాల దాకా అప్‌డేట్లను నిలిపి ఉంచవచ్చు. పరీక్షలప్పుడు, దరఖాస్తుల కాలంలో ఇది పనికొస్తుంది. "యాక్టివ్ అవర్స్" అన్నచోట మీరు కంప్యూటరు వాడే వేళలు రాస్తే ఆ వేళల్లో అది తనంతట తాను ఆగి మొదలు కాదు. ఈ సౌకర్యాలు ఇంత తేలికగా మొదట్లో లేవు. కొత్త రూపాన్ని ఎప్పుడు దించుకోవాలో ఇళ్ళల్లో వాడేవారు తామే నిర్ణయించుకునే వీలు 2019 మే నెలలో వచ్చిన రూపంతో మెరుగైంది. జనం అడిగారు గనుకనే వచ్చిందని మరిచిపోకండి. అయితే వాడుతున్న రూపానికి గడువు తీరబోయే వేళకు విండోస్ మళ్ళీ తానే కొత్తదాన్ని ఎక్కిస్తుంది.

అయిదోది, తెర మీదికి వచ్చిన పెట్టెలోని ప్రతి మాటా చదవండి. పెద్ద అక్షరాల కంటే చిన్న అక్షరాలను శ్రద్ధగా చదవండి. అర్థం కాకపోతే ఏదీ నొక్కకండి. ఇంగ్లీషు బాగా తెలిసినవారిని అడగండి.

ఆరోది, అప్‌గ్రేడ్ జరిగిపోయిందా? కంగారు పడకండి. సెట్టింగ్స్‌లో "రికవరీ" అన్నచోట "గో బ్యాక్" అనే మీట ఉంటుంది. మామూలుగా పది రోజుల్లోపు దాన్ని నొక్కితే పాత విండోస్ తిరిగి వస్తుంది. 2016లో ఈ గడువు మొదట నెల రోజులు ఉండేది. ఈలోగా డిస్కులో చోటు లేదని ఆ "విండోస్ డాట్ ఓల్డ్" ఫోల్డరును చెరిపేస్తే ఇక వెనక్కి పోలేరు.

చెయ్యకూడనివి రెండు. శాతాలు తిరుగుతుండగా తీగ పీకకండి. "అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేస్తాం" అంటూ ఎక్కడో దొరికే ఊరూపేరూ లేని ప్రోగ్రాములను ఎక్కించకండి. దొంగ భయంతో దొంగనే కాపలా పెట్టుకున్నట్టవుతుంది.

పాత కంప్యూటర్ల సంగతి

విచిత్రం చూడండి. 2016లో "మారండి, మారండి" అని వెంటపడిన విండోస్ 10కి కూడా వయసు మళ్ళింది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. ఇళ్ళల్లో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అతుకులు ఇచ్చే ఏర్పాటును కంపెనీ ప్రకటించింది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11కి 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల డిస్కు మాత్రమే చాలవు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. బాగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు ఎన్నో ఈ పరీక్షలో తప్పుతున్నాయి. ఒకనాడు వద్దన్నా వచ్చింది. ఇప్పుడు కావాలన్నా రానంటున్నది!

అలాంటి కంప్యూటర్లను పారెయ్యనక్కరలేదు. ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో, 21 ఏళ్ళ వయసులో, లినక్స్ అనే ప్రోగ్రాముకి శ్రీకారం చుట్టాడు. దాని ఆధారంగా తయారైన ఆపరేటింగ్ సిస్టములు ఎన్నో ఉచితంగా దొరుకుతాయి. వాటి లోపలి వరసలను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్ ఆధారంగా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. లినక్స్‌కీ అతుకులు కావాలి, కాని ఎప్పుడు వెయ్యాలన్నది చాలావరకు మీ చేతిలో ఉంటుంది. ముందుగా పెన్‌డ్రైవు నుంచి నడిపి, ప్రింటరు పనిచేస్తుందో లేదో చూసుకున్నాకే డిస్కులోకి ఎక్కించుకోవచ్చు.

మళ్ళీ అక్క దగ్గరికి

కరెంటు వచ్చింది. కంప్యూటరు దానంతట అదే వెనక్కి పోయి పాత విండోస్‌తో మొదలైంది. అప్పటికి తొమ్మిదిన్నర. అక్క దరఖాస్తు పంపింది. తరువాత ఫొటో, సంతకం, మెమో మూడింటినీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి గూట్లో పెట్టింది. కథ గనుక సుఖాంతం చేశాం. నిజంలో ప్రతిసారీ అలా జరగదు.

మీలో కొందరు రేపు ప్రోగ్రాములు రాస్తారు. హైదరాబాదులోనో, ఇంకెక్కడో కూర్చుని కోట్ల కంప్యూటర్లకు ఒక్క మీటతో ఏదైనా పంపగల స్థానంలో ఉంటారు. మీరు పంపేది మంచిదే అయి ఉంటుంది. అప్పుడు ఆ మీట నొక్కేముందు కుల్కచర్లలో ఆఖరు తేదీ నాడు కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి. ఆమెను అడగండి. వద్దంటే, వద్దనే అర్థం చేసుకోండి.